గిన్నె గుండ్రం తప్పితే



ఇవాళ కొయ్య గిన్నెల సంగతి మాట్లాడుకుందాం. బాడిసతో, ఉలితో తొలిచిన గిన్నె కాదు, లేతు మీద తిప్పి తీసిన గిన్నె. తరిమెన పట్టడం అని పెద్దవాళ్ళు అనేవారే, ఆ పని. లేతు మీద తిరుగుతూ తయారయ్యే వస్తువు గుండ్రంగా కాక ఇంకెలా వస్తుంది అనుకుంటాం. వస్తుంది కూడా. కానీ పచ్చి కర్రతో చేసిన ఆ గిన్నెనే కొన్నాళ్ళు పోయాక తీసి స్కేలు పెడితే ఒక వైపు పది అంగుళాలుంటుంది, అడ్డంగా కొలిస్తే తొమ్మిదిన్నరే ఉంటుంది. చేసినవాడికి పని రాదని కొన్నవాడు అంటాడు. కర్ర మంచిది దొరకలేదని చేసినవాడు అంటాడు. ఇద్దరూ పొరబడ్డట్టే. చెట్టు పెరిగిన తీరే అంత. ఆ తీరు ముందే తెలిసిన పనివాడు ఏం చేస్తాడన్నదే అసలు కథ.

చెట్టు నిలబడి ఉన్నంతకాలం దాని ఒంట్లో నీరు ఆడుతూనే ఉంటుంది. కొన్ని జాతుల్లో అప్పుడే కొట్టిన దుంగ తీసుకుంటే, ఎండు కర్ర బరువెంతో అందులో నీటి బరువూ అంతే ఉంటుంది. ఆ నీరు రెండు చోట్ల దాగి ఉంటుంది. కర్రంటే కంటికి కనిపించనంత సన్నని గొట్టాల కట్ట. ఆ గొట్టాల బోలులో కొంత నీరుంటుంది, గొట్టాల గోడల్లో ఇంకిపోయి కొంత ఉంటుంది. దుంగ ఆరడం మొదలుపెడితే ముందు బోలులోని నీరు పోతుంది. అది పోయినన్నాళ్ళూ బరువు తగ్గుతుంది గానీ కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు బయలుదేరుతుంది. కర్ర ముడుచుకోవడం అప్పటినుంచే.

అన్ని వైపులా ఒకేలా ముడుచుకుంటే ఏ గొడవా లేదు. గిన్నె కాస్త చిన్న గిన్నె అవుతుంది, అంతే. అలా జరగదు. చెట్టు పొడుగునా చూస్తే కర్ర పూర్తిగా ఎండినా వెయ్యింట ఒకటి రెండు పాళ్ళకు మించి తగ్గదు. తగ్గడమంతా అడ్డంగానే. ఆ అడ్డంలోనూ తేడా ఉంది. దుంగ నడిమధ్య నుంచి బెరడు వైపు ఒక లెక్క, వలయాల వెంట చుట్టూ మరో లెక్క. ఈ రెండోది మొదటిదానికి ఇంచుమించు రెట్టింపు. మన టేకునే తీసుకోండి. పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి నడిమి నుంచి బెరడుకు 2.5 శాతం తగ్గుతుంది, వలయాల వెంట 5.8 శాతం తగ్గుతుంది. అమెరికాలో పెరిగే బీచ్ కర్రకు ఇవే అంకెలు 5.5, 11.9. టేకు తలుపు వానాకాలంలో కూడా మర్యాదగా మూసుకోవడానికి ఆ చిన్న అంకెలూ ఒక కారణమే. టేకు ధర చూసి నిట్టూర్చేవాళ్ళు ఈ మాట కూడా గుర్తుపెట్టుకోవాలి.

గొట్టాల గోడలు సన్నని దారాల్లాంటి పోగులతో కట్టినవి. ఆ పోగుల్లో ఎక్కువ భాగం చెట్టు పొడుగునే సాగి ఉంటాయి. నీరుండేది పోగుకీ పోగుకీ మధ్య. అది పోతే పోగులు ఒకదానికొకటి దగ్గరకు జరుగుతాయి. పొడుగు మాత్రం తగ్గవు. ఇక నడిమి నుంచి బెరడు దాకా అడ్డంగా వెళ్ళే కణాల వరసలు కొన్ని ఉంటాయి. అవి ఆ దిక్కున కర్రను బిగపట్టుకుంటాయి కాబట్టి అటు తక్కువ ముడుచుకుంటుంది. వలయాల వెంట పట్టుకునేవాళ్ళెవరూ లేరు, అందుకే అటు ఎక్కువ.

ఇప్పుడు గిన్నె దగ్గరకు వద్దాం. గిన్నె చేయడానికి మామూలుగా దుంగను నిలువునా రెండు బద్దలుగా కోస్తారు. నడిమి గుజ్జు ఉన్న భాగాన్ని తీసిపారేస్తారు, పగులు మొదలయ్యేది అక్కడే కాబట్టి. మిగిలిన బద్దలో కోసిన చదును వైపు గిన్నె మూతి అవుతుంది, బెరడు వైపు అడుగు అవుతుంది. అంటే కర్ర పోగులు గిన్నె మూతికి ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా పడుకుని ఉంటాయి. పోగుల వెంట కొలిచే వ్యాసం మారదు. పోగులకు అడ్డంగా కొలిచేది తగ్గిపోతుంది. వలయాల వెంట 8 శాతం ముడుచుకునే కర్ర అనుకుందాం. ఇంట్లో వాడుకునే స్థితికి, అంటే తేమ 12 శాతానికి వచ్చేసరికి అందులో ఐదింట మూడు వంతుల ముడుత అయిపోతుంది. పది అంగుళాల గిన్నెకు అది దాదాపు అర అంగుళం. తొమ్మిదిన్నర అంగుళాల లెక్క ఇక్కడిదే.

అంచు కూడా ఒకే మట్టంలో ఉండదు. పోగుల కొసలున్న రెండు చోట్లా పైకి లేచి, మిగతా రెండు పక్కలా కిందికి దిగుతుంది. నున్నటి బల్ల మీద గిన్నెను బోర్లా పెట్టి వేలితో నొక్కితే ఊగుతుంది. రెండు ఎత్తుల మీదే నిలబడి ఉంటుంది కాబట్టి ఊగక తప్పదు.

ఇదంతా ఆరేటప్పటి మాట. గిన్నె ఇంకా లేతు మీద తిరుగుతూ ఉండగానే, గంట కూడా గడవకుండానే, గుండ్రం తప్పడం ఇంకొకటుంది. రేడియోలో మీకు గిన్నెను చూపించలేను. దాని చప్పుడు మాత్రం చెప్పగలను, నిజానికి పనివాడు కూడా దాన్ని చూడకముందే వింటాడు. పచ్చి కర్ర సరిగ్గా తెగుతుంటే ఉలి నోటి నుంచి పొడుగాటి తడి పేళ్ళు తాళ్ళలా వచ్చి భుజం మీద పడుతుంటాయి, చప్పుడు ఒకే స్థాయిలో సాగుతుంది. గోడ పలచబడిన కొద్దీ ఆ స్థాయి మారుతుంది. ముందు చిన్న తడబాటు. తర్వాత టకటకమని ఉలి వీపు కర్రకు తగలడం. గుండ్రంగా ఉన్నంతసేపూ ఉలి కర్రను వదలకుండా ఆనుకుని ఉంటుంది. కోడిగుడ్డు వాటం వచ్చిందో, ప్రతి చుట్టుకీ రెండుసార్లు దూరంగా ఉన్న అంచులు వచ్చి ఉలిని తంతాయి, మధ్యలో రెండుసార్లు ఉలి గాలిలో ఉంటుంది. నిమిషానికి 600 చుట్లు తిరిగే లేతు మీద సెకనుకు ఇరవై దెబ్బలు. విడివిడిగా వినిపించవు, గరగరమనే రొదలా వినిపిస్తాయి. కొత్తవాడు ఆ రొదను అణచాలని ఉలిని గట్టిగా ఒత్తుతాడు. ఒత్తిన కొద్దీ పలచటి గోడ ఇంకా కంపిస్తుంది. ఏదో ఒక చుట్టులో ఉలి కొస కర్రలో దిగబడుతుంది, గిన్నె ముక్కలై ఎగిరిపోతుంది. ముఖానికి అడ్డు లేకుండా ఈ పనికి ఎవరూ కూర్చోకూడదు.

ఇంత త్వరగా గుండ్రం ఎందుకు తప్పుతుంది? చెట్టు నిలబడి ఉండగానే దాని లోపల లాగుడూ నొక్కుడూ పనిచేస్తుంటాయి. బెరడు దగ్గరి కర్ర పొడుగునా లాగబడి ఉంటుంది, లోపలి కర్ర నొక్కబడి ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి కాచుకుంటూ చెట్టును నిటారుగా నిలబెడతాయి. గిన్నె లోపలి కర్రను తవ్వి పారేస్తే ఆ లెక్క చెడిపోతుంది, మిగిలిన గోడ తన ఇష్టం వచ్చినట్టు సర్దుకుంటుంది. పక్కకు వాలి పెరిగిన కొమ్మలో ఈ పోరు మరీ ఎక్కువ కాబట్టి తెలిసినవాళ్ళు అలాంటి కొమ్మను గిన్నెకు తీసుకోరు. దీనికి తోడు, వేగంగా తిరుగుతున్న పచ్చి గిన్నె గాలిని చిమ్ముతుంది, నీటినీ చిమ్ముతుంది. పనివాడి చొక్కా తడిసిపోతుంది. పావు అంగుళం గోడకు ఆరడానికి ఎంతోసేపు అక్కర్లేదు. టీ తాగి వచ్చేలోపు అంచు మారిపోతుంది. ఇక ఆఖర్న గరుకు కాగితంతో నున్నగా రుద్దేటప్పుడు పుట్టే వేడి మిగిలిన పని పూర్తిచేస్తుంది.

అందుకని లోపలి తొలుపు పనికి ఒక వరస ఉంది. ముందు అంచు. అంచు నుంచి అంగుళం లోతు దాకా గోడను అనుకున్న మందానికి పూర్తిగా తెచ్చేయాలి. అప్పటికి గిన్నె నడుమ కర్ర దిమ్మలా అలాగే ఉంటుంది, దాని దన్నుతో అంచు కదలకుండా నిలుస్తుంది. తర్వాత ఇంకో అంగుళం, ఆ తర్వాత మరొకటి. అడుగు దాకా దిగిపోవాలి. మళ్ళీ పైకొచ్చి అంచును ఒక్కసారి సరిచేద్దాం అనుకోకూడదు. దిమ్మ పోయాక అంచు పాత అంచు కాదు. ఇది చెప్పడానికి తేలికగానే ఉంటుంది. కంటికి చిన్న గీత కనిపిస్తున్నా చేతిని ఆపుకోవడమే కష్టం.

పచ్చి కర్రతో గిన్నె చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది రెండు విడతల పని. గిన్నెను ముందు ముతకగా తీసి, గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉంచుతారు. పది అంగుళాల గిన్నెకు అంగుళం గోడ. ఇందాక అర అంగుళం తగ్గుతుందని లెక్క వేశాం కదా, అంటే ఒక్కో పక్క పావు అంగుళం. అంగుళం గోడలో ఆ వంకరంతా చెక్కేసినా పలచటి గుండ్రటి గిన్నె లోపల మిగిలే ఉంటుంది. పదో వంతు నియమం పుట్టింది ఆ లెక్కలోంచే. ముతక గిన్నెను పోగుల కొసలున్న చోట్ల మైనం పూసి, దాని పేళ్ళలోనే కప్పి కాగితపు సంచిలో పెడతారు. త్వరగా ఆరితే పగులుతుంది, మరీ ఆలస్యమైతే బూజు పడుతుంది. అప్పుడప్పుడూ తూకం వేస్తారు. బరువు తగ్గడం ఆగిపోయిందంటే ఆరినట్టే. దానికి నెలలు పడుతుంది, మందం ఎక్కువైతే ఏడాదీ పట్టొచ్చు. అప్పుడు మళ్ళీ లేతు ఎక్కిస్తారు. అయితే లేతు దవడలు పట్టుకునే అడుగు పిడి కూడా ఈపాటికి గుండ్రం తప్పి ఉంటుంది. ముందు దాన్ని సరిచేసి గాని గిన్నెను ముట్టుకోరు.

రెండో దారి ఒక్క విడతలో ముగించడం. పచ్చిగా ఉండగానే గోడను పావు అంగుళానికో ఇంకా పలచగానో తీసి, ఇక నీ ఇష్టం అని కర్రకు వదిలేయడం. గోడ పలచగా ఉంటే పగలదు, వంగుతుంది. విద్యుత్తు లేని రోజుల్లో కాలితో తొక్కే లేతు మీద గిన్నెలు తీసినవాళ్ళు నడిచింది ఈ దారినే. పచ్చి కర్ర మెత్తగా తెగుతుంది, ఎండిన గట్టి కర్రను కాలి బలంతో తొలచడం ఎవరి తరం? ఇంగ్లండులో బర్క్‌షైర్‌లోని బకిల్‌బరీ ఊళ్ళో జార్జ్ లైలీ అనే ఆయన కొమ్మ ఒకటి పైన ఊగుతుంటే, కాలితో పట్టా తొక్కుతూ, ఒకే ఎల్మ్ దిమ్మలోంచి ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలను వరసగా తీసేవారు. ఆయన 1958లో పోయారు. ఆ వంశంలో ఆ పని ఆయనతో ఆగిపోయింది. ఆయన లేతు ఇప్పుడు రెడింగ్‌లోని గ్రామీణ జీవన మ్యూజియంలో ఉంది. అలాంటి గిన్నెలో గంజి తాగేవాడికి అది అణుమాత్రం కోడిగుడ్డు వాటంగా ఉందని ఫిర్యాదేముంటుంది?

గంజి గిన్నెకు గుండ్రం అక్కర్లేదు. మూత ఉన్న వస్తువుకు మాత్రం అది ప్రాణం.

ఈ సంగతి జపాన్‌లోని యమనాకా పనివాళ్ళకు బాగా తెలుసు. ఇషికావా ప్రాంతంలో ఉంది ఆ ఊరు. 16వ శతాబ్దం చివర్లో వచ్చి స్థిరపడిన లేతు పనివాళ్ళతో అక్కడి కళ మొదలైంది. అక్కడ దుంగను బద్దలుగా కాక అడ్డంగా గుండ్రటి బిళ్ళలుగా కోసి, పోగులు గిన్నె అడుగు నుంచి మూతికి నిలువుగా నిలబడేలా దిమ్మను తీసుకుంటారు. ఇలా తీస్తే ముడుత మూతి చుట్టూ ఇంచుమించు సమానంగా పంచుకుంటుంది. తేయాకు పొడి పోసుకునే డబ్బీల మూతలు అంత చక్కగా కూర్చోవడానికి సగం కారణం పైపూత పనితనం కాదు, దుంగను కోసిన దిక్కు.

అంత దూరం ఎందుకు, మన ఏటికొప్పాక ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో మన శకటం మీద ఊరేగినవీ అవే. వాటికి వాడేది అంకుడు కర్ర. ఆకు తుంచితే పాలు కారే చెట్టు. కర్ర తెల్లగా, సన్నటి పోగుతో, ఉలికి మెత్తగా ఉంటుంది. కర్ణాటకలో చన్నపట్న బొమ్మలకు వాడేదీ ఇదే. పెద్ద మానుల దుంగలతో పని లేదు, కొమ్మలు చాలు. కొమ్మను తగిన పొడుగుకు కోసి ఆరబెట్టి లేతుకు బిగిస్తారు. పోగులు నిలువుగానే ఉంటాయి. యమనాకావాళ్ళు పట్టుకున్న కిటుకు ఇక్కడ కొమ్మ స్వభావంలోనే ఉంది.

ఒక కుంకుమ భరిణె తయారవడం చూస్తే విషయం తేలిపోతుంది. మూతా, డబ్బీ ఒకే కర్రలోంచి వస్తే మంచిది. మూత లోపలి గాడిని తొలిచి, డబ్బీ మెడను కొద్దికొద్దిగా తగ్గిస్తూ మూత పెట్టి చూస్తారు. బిగువుగా ఉంటే ఇంకో పొర తీస్తారు. ఎక్కువ తీస్తే ఇక వెనక్కి రాదు, మూత వదులే. తర్వాత తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. దాన్ని మొగలి ఆకుతో ఒత్తి సాపు చేస్తే అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు అందానికి మాత్రమే కాదు, గాలిలో తేమ కర్రలోకి చప్పున రాకపోకలు చేయకుండా అడ్డుకుంటుంది కూడా. ఆపేయలేదు, నెమ్మదింపజేస్తుంది. లోపల కర్ర పచ్చిగా ఉండగా పైన లక్క పూస్తే మాత్రం, కర్ర తర్వాత ముడుచుకున్నప్పుడు లక్క దానితోపాటు ముడుచుకోలేక చిట్లుతుంది. లక్క బొమ్మ చవగ్గా దొరికిందని కొన్నాక కొన్ని నెలలకే రంగు పెచ్చులూడుతుంటే, రంగును తిట్టే ముందు కర్ర ఎంత ఆరిందో అనుమానించాలి.

బాగా ఆరిన కర్ర కూడా కదలడం మానదు. గాలిలో తేమ ఎంతో దానికి తగ్గట్టు కర్ర తన తేమను సర్దుకుంటూనే ఉంటుంది. గాలి తేమ 80 శాతం ఉన్న చోట కర్రలో తేమ 16 శాతం దగ్గర నిలుస్తుంది. 65 శాతం ఉంటే 12 దగ్గర. 30 శాతానికి పడిపోతే 6 దగ్గర. విశాఖ తీరంలో సముద్రపు గాలికి సర్దుకున్న భరిణెను షికాగోలో ఉన్న అమ్మాయికి పంపారనుకోండి. అక్కడ చలికాలమంతా ఇంట్లో హీటరు నడుస్తుంది, గాలి ఎండిపోయి ఉంటుంది. సంక్రాంతి నాటికి మూత వదులై ఊడి రావచ్చు, లేదా డబ్బీ ఒక పక్కకు నొక్కుకుని మూత ఒక దిక్కున పెడితేనే పట్టవచ్చు. భరిణె చెడిపోలేదు, ఇల్లు మారింది.

నన్నడిగితే, కొనేవాళ్ళు గుండ్రం విషయంలో రెండు తప్పులు చేస్తారు. అన్నం, పండ్లు, పప్పులు పోసుకునే గిన్నెను గుండ్రంగా లేదని తిరగ్గొడతారు. మూత ఉన్న డబ్బీని మాత్రం మూత ఒకసారి పెట్టి తీసి, బాగుందని కొనేస్తారు. చేయాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. గిన్నెను బోర్లా పెట్టి ఊపి చూడండి, కొద్దిగా ఊగితే ఊగనివ్వండి. పగులు మాత్రం ఉండకూడదు, ముఖ్యంగా పోగుల కొసలు కనిపించే రెండు చోట్లా గోరుతో తడిమి చూడండి. మూత ఉన్నదాన్ని మూత పెట్టి నాలుగు వైపులకూ తిప్పి చూడండి. అన్ని వైపులా ఒకే బిగువుగా తిరిగితే కర్ర ఆరిందని కొంత నమ్మకం. ఒక చోట పట్టేసి ఇంకో చోట వదులైతే, అది కొట్లో ఉండగానే కదలడం మొదలుపెట్టిందన్నమాట. ఆ భరిణె వద్దు.

ఇంట్లో వాడేవాళ్ళకు కొన్ని మాటలు. కొయ్య గిన్నెను నీళ్ళలో నానబెట్టకండి. కడిగిన వెంటనే తుడిచి నీడలో బోర్లించండి, ఎండలో పెట్టకండి. ఒక వైపు ఎండి ఇంకో వైపు తడిగా ఉంటే పగులు ఖాయం. నెలకోసారి కాస్త కొబ్బరి నూనె రాస్తే తేమ రాకపోకలు నెమ్మదిస్తాయి. వానాకాలంలో భరిణె మూత బిగిసిపోతే చాకుతో పెకలించకండి, లక్క పెచ్చు లేస్తుంది. మూతను మెల్లగా తిప్పి చూడండి. అప్పటికీ రాకపోతే ఓ రెండు రోజులు పొడి గదిలో పెట్టి మళ్ళీ ప్రయత్నించండి. ఏటికొప్పాక దాకా వెళ్ళే వీలుంటే మాత్రం, మూత బిగువు పెట్టి చూస్తున్న పనివాడి పక్కన కాసేపు కూర్చోండి. కొనేటప్పుడు ఆయన్నే అడగండి, ఈ కర్ర కొట్టి ఎన్నాళ్ళయిందని. ఆ ఒక్క ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పినవాడి దగ్గరే కొనండి.